"మా పాపకి ఏ పార్టీ ముద్ర పడుతుందో!"

ప్రశ్న: మేడమ్, నేను స్టీల్‌ప్లాంట్ ఉద్యోగిని. గాజువాకలో ఉంటాం. మా పాప బీకాం చివరి సంవత్సరం. స్నేహితులతో కలిసి కూర్మన్నపాలెం ఉద్యమ శిబిరం దగ్గర ప్లాంటు ప్రైవేటీకరణ మీద వీధి నాటిక వేసింది. ఆ వీడియో తిరిగి తిరిగి మా డిపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోకే వచ్చింది. ఇప్పుడు ఒకరోజు జర్నలిజం అంటుంది, ఇంకోరోజు సినిమా డైరెక్షన్ అంటుంది. "మన ప్రాంతం గురించి మనమే చెప్పాలి నాన్నా" అంటుంది. బ్యాంకు పరీక్షల పుస్తకాలు కొనిపెడితే అట్ట కూడా తీయలేదు. ఇలాంటి వాటిలోకి వెళ్తే ఏదో ఒక పార్టీ ముద్ర పడుతుందని, కేసులవుతాయని టెన్షన్‌గా ఉంది. ఏం చదివించమంటారు? ఆ వీడియో తీసేయమని చెప్పనా?
– ఒక తండ్రి, గాజువాక

జవాబు: మీ పాప చేసిన పని ఈ ఊరికి కొత్తేమీ కాదండి. 1970లో శ్రీశ్రీ షష్టిపూర్తి సభ విశాఖలోనే జరిగింది. పెద్ద పెద్ద రచయితలంతా వచ్చారు. అప్పుడు శ్రీకాకుళం ఏజెన్సీలో గిరిజన పోరాటం, కాల్పులు నడుస్తున్నాయి. 'విశాఖ విద్యార్థులు' అనే పేరుతో ఒక కరపత్రం వచ్చింది: మీరు ఎటువైపు, తేల్చి చెప్పండి అని రచయితలను నిలదీస్తూ. ఆ ఏడాది జులై 4న విరసం (విప్లవ రచయితల సంఘం) పుట్టడానికి ఆ కరపత్రం ఒక కారణం. అంటే అప్పుడు పిల్లలు పెద్దవాళ్లను 'ఎటువైపు' అని అడిగారు. ఇప్పుడు మీరు మీ పాపను 'ఎటువైపూ వద్దు' అంటున్నారు. మీ భయం నాకు అర్థమవుతుంది, నేనూ ఒక తల్లినే. కానీ మీరు రోజూ షిఫ్టుకి వెళ్లే ప్లాంటు కూడా ఒక నినాదం వెనకాల వచ్చిందే కదా. 1966 ఉద్యమంలో రాష్ట్రమంతా కలిపి 32 మంది ప్రాణాలు పోయాయి. 'విశాఖ ఉక్కు' అనగానే తర్వాతి రెండు మాటలు ఈ ఊళ్లో చిన్నపిల్లలు కూడా అందుకుంటారు.

కాబట్టి రాజకీయం అంటని కళ, రాజకీయం అంటని పేపరు వెతికిపెట్టమంటే నా వల్ల కాదు. ఏ రంగంలో డబ్బు ఎవరిది, ఆ డబ్బు ఎంతవరకు మాట్లాడనిస్తుంది, ఆ లెక్క మాత్రం చెప్పగలను. బీకాం చదివిన అమ్మాయికి అది త్వరగానే ఎక్కుతుంది.

ముందు పత్రికలు. 'ఈనాడు' 1974 ఆగస్టు 10న మొదలైంది విశాఖలోనే. అంతకుముందు విజయవాడలో అచ్చయిన పేపరు ఇక్కడికి వచ్చేసరికి పొద్దెక్కిపోయేది. ఇక్కడే అచ్చేసి తెల్లారేసరికి గుమ్మంలో పడేయడమే దాని మొదటి బలం. 1982 మార్చి 29న తెలుగుదేశం పుట్టి, 1983 జనవరిలో అధికారంలోకి వచ్చిందంటే అందులో ఆ పత్రిక చేయి ఎంతన్నది ఇప్పటికీ మాట్లాడుకుంటారు. 2008లో వైఎస్ కుటుంబం నుంచి 'సాక్షి' వచ్చింది. విశాలాంధ్ర సీపీఐది, ప్రజాశక్తి సీపీఎంది అని అందరికీ తెలుసు. ఈ ఎర్ర పత్రికల పద్ధతే నాకు నయమనిపిస్తుంది, ఎవరిదో చెప్పి మరీ రాస్తారు. ఏ చానల్ ఏ పార్టీదో జగదాంబ దగ్గర టీ కొట్టులో అడిగినా చెప్పేస్తారు. మీరు భయపడే ముద్ర ముందు యాజమాన్యానికి ఉంటుంది, ఆ తర్వాత అందులో పనిచేసేవాళ్లకు అంటుతుంది.

నేను ఇలా సలహాలు చెప్పే పనిలోకి రాకముందు ఒక దినపత్రిక డెస్కులో నాలుగేళ్లు సబ్‌ఎడిటర్‌గా చేశాను. విశాఖ పాతనగరంలో బొగ్గు దుమ్ము మీద మా రిపోర్టరు మూడు వారాలు తిరిగి రాసిన కథనం ఒకటి నా చేతికొచ్చింది. ఇళ్లల్లో బిందెల మీద దుమ్ము ఎంత పేరుకుంటుందో ఫొటోలతో సహా ఉంది. రాత్రి పదిన్నరకు యాడ్ విభాగం నుంచి ఫోను వచ్చింది, ఫుల్‌పేజీ ప్రకటన ఖాయమైందట. కథనం ఎనిమిది లైన్లయింది. ఆ ఎనిమిది లైన్లు కుదించింది నేనే. ఎవరూ నన్ను బెదిరించలేదు, గట్టిగా కూడా మాట్లాడలేదు. ఒత్తిడంటే ఎక్కువగా ఇలాగే ఉంటుందని మీ పాపకు చెప్పండి. లాఠీ గురించి భయపడేవాళ్లు ఈ ఫోను గురించి ఆలోచించరు.

అయినా జర్నలిజం, సినిమా, నాటకం, ఈ మూడింటిలో నెలనెలా జీతం తీసుకుంటూ ప్రభుత్వాన్ని ప్రశ్నలడగ్గలిగే ఉద్యోగం జర్నలిజం ఒక్కటే. అందుకే నా ఓటు దానికి. ఒక్క షరతు: మండలంలో వార్తలు పంపే కంట్రిబ్యూటర్ దారిలో లోపలికి వెళ్లనివ్వకండి. చాలాచోట్ల అక్కడ జీతం నామమాత్రం, పండగొస్తే యాడ్ టార్గెట్. యాడ్ అడిగిన సర్పంచి మీదే మర్నాడు వార్త రాయాలి. ముద్ర పడేది అక్కడ. డెస్కు నుంచి గానీ, చదువు పూర్తిచేసి రిపోర్టరుగా గానీ వెళ్లాలి.

సినిమా దగ్గరికొస్తే డబ్బు కథ ఇంకా తమాషాగా ఉంటుంది. 1939లో గూడవల్లి రామబ్రహ్మం 'రైతుబిడ్డ' తీశారు. జమీందారీ వ్యవస్థ మీద తీసిన ఆ సినిమాకు డబ్బు పెట్టింది స్వయానా చల్లపల్లి జమీందారు! మిగతా జమీందార్లు ఊరుకుంటారా, గొడవ చేశారు, ఆ సినిమా నిషేధాన్ని కూడా ఎదుర్కొంది. ఇక మన ప్రాంతం సంగతి. తెలుగు సినిమాలో ఉత్తరాంధ్ర యాస ఎన్నాళ్లు ఎవరి నోట్లో ఉందో గుర్తుతెచ్చుకోండి. పనిమనిషి, రిక్షావాడు, నవ్వించడానికి ఒక అమాయకుడు. హీరో మాత్రం విశాఖలో పుట్టినా కృష్ణా జిల్లా మాటే మాట్లాడతాడు. ఏ పార్టీ జెండా కనపడకపోయినా అది రాజకీయమే. 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' వచ్చినప్పుడు అక్కడి మనుషులే నటించారు, అక్కడి మాటే మాట్లాడారు. కులం, మతం, పెళ్లి అన్నీ ఆ వీధుల్లోంచే వచ్చాయి. 2020లో 'పలాస 1978' జీడిపప్పు ఊళ్లో కులం ఎలా రాజకీయమవుతుందో చూపించింది. మీ పాప అనే 'మన గురించి మనం చెప్పడం' ఇదే. కాకపోతే ఇలాంటి అవకాశం ఒకరికొస్తే ఎంతోమంది హైదరాబాద్ కృష్ణానగర్ గదుల్లో అసిస్టెంట్ డైరెక్టర్లుగా ఏళ్లు గడుపుతారు, పేమెంటు వస్తే వచ్చినట్టు. మీ రిటైర్మెంటు దగ్గరపడుతుంటే ఇంటి పరిస్థితి చూసుకునే ఆ మాట మాట్లాడాలి.

నాటకం గురించి ఎక్కువ చెప్పను. అందులో డబ్బు లేదు, అందుకే స్వేచ్ఛ ఎక్కువ.

ఇక్కడే మీకు ఒక విషయం చూపించాలి. ఉత్తరాంధ్ర గురించి గట్టిగా మాట్లాడిన కళాకారులు దేనితో బతికారో చూడండి. రావిశాస్త్రి గారు ఈ ఊళ్లో వకీలు. మద్యనిషేధం రోజుల కేసులు చూసే ఆయన సారా కథలు రాశారు. కోర్టు లేకపోతే ఆ కథలు లేవు. కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) బళ్లో పాఠాలు చెప్పుకుంటూ 'యజ్ఞం' కథ రాశారు. వంగపండు ప్రసాదరావు షిప్‌యార్డులో ఉద్యోగం చేస్తూ పాట కట్టారు. వాళ్ల తిండి ఆ కథ మీద, ఆ పాట మీద ఆధారపడలేదు. అందుకని ఎవరూ రాత్రి పదిన్నరకు ఫోను చేసి కుదించమనలేకపోయారు. మీరు కొన్న బ్యాంకు పుస్తకాలను నేను అందుకే వెక్కిరించను. కానీ వాటిని కళకు విరుగుడుగా ఇస్తే మాత్రం మీ పాప అట్ట తీయదు.

చదువు సంగతి. బీకాం అయ్యాక పీజీలో జర్నలిజం చేయించండి. డిగ్రీ మార్చాల్సిన పనిలేదు, బడ్జెట్టు చదవగలిగిన రిపోర్టరు దొరకడం కష్టం. ఆంధ్రా యూనివర్సిటీలో జర్నలిజం ఉంది, ఏపీ పీజీసెట్ రాయాలి. ఇంట్లోంచే వెళ్లిరావచ్చు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కమ్యూనికేషన్, ఢిల్లీ ఐఐఎంసీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్) కావాలంటే సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. చెన్నైలోని ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజం మంచిదే, ఫీజు మాత్రం బరువు. పెద్ద పత్రికల సొంత జర్నలిజం స్కూళ్లు స్టైపెండ్ ఇచ్చి నేర్పుతాయి, కానీ ఇన్నేళ్లు మా దగ్గరే చేయాలనే ఒప్పందం ఉంటే సంతకానికి ముందు చదవండి. సినిమా మీదే మనసు పోతే పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ (ఎఫ్‌టీఐఐ), కోల్‌కతా సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. నాటకం కావాలంటే ఆంధ్రా యూనివర్సిటీలోనే థియేటర్ ఆర్ట్స్ విభాగం ఉంది.

ఏది తనదో తేలడానికి ఒక పని చెప్తాను. ఆర్ కార్డుల సంగతి మీకు నాకన్నా బాగా తెలుసు. ప్లాంటు కోసం భూములిచ్చిన ఊళ్లవాళ్లకు ఉద్యోగం ఇస్తామని ఇచ్చిన కార్డులు. ఈ ఒక్క విషయం మీద మీ పాపను రెండు నెలలు మూడు రకాలుగా పనిచేయమనండి. మొదటిది వార్త: ఎన్ని కార్డులిచ్చారు, ఎందరికి ఉద్యోగాలొచ్చాయి అని సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. రెండోది సినిమా: అగనంపూడి వైపు ఒక నిర్వాసితుల ఇంటికి వెళ్లి తాత, కొడుకు, మనవరాలు ఆ కార్డు గురించి ఏం చెప్తారో ఫోనులోనే ఎనిమిది నిమిషాలు తీయాలి. మూడోది నాటిక: అదే ఇంటి మాటలు పది నిమిషాల్లో నలుగురు మనుషులతో.

ఇందులో మీకూ ఇబ్బంది ఉంటుంది. నిర్వాసితుడు మాట్లాడుతుంటే ఆ ఉద్యోగంలో ఉన్న మీ వైపు కూడా వేలు తిరుగుతుంది. నాటికలో అయితే 'ప్లాంటును అమ్మొద్దు' అని ఒక్క గొంతుతో అనొచ్చు. వార్త రాయాలంటే, ప్లాంటు ఉండాలని అంటూనే ప్లాంటు తనకు చేసిన మోసం చెప్పే మనిషిని కూడా వినాలి. ఆ రెండో గొంతు వినడం తనకు నచ్చితే జర్నలిస్టు అవుతుంది. ఆ తాత ముఖం నుంచి కళ్లు తిప్పుకోలేకపోతే కెమెరా వైపు వెళ్తుంది. 'ఇవన్నీ ఎందుకు, జనం ముందు అరవాలి' అంటే నాటకం, దాంతోపాటు మీ బ్యాంకు పరీక్ష. సంస్థకు గట్టి వైఖరి ఉన్నా లెక్కలు, రెండు వైపుల మాటలు ఉన్న రాత మీద ముద్ర అంత తొందరగా అతకదు. ఈలోగా ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో ఒకే రోజు మూడు పేపర్లు పక్కపక్కన పెట్టుకుని, ఒకే ధర్నాను ఎవరు ఏ పేజీలో వేశారో, ఎవరి మాట వదిలేశారో నోట్సు రాయమనండి. ఫీజు లేని కోర్సు అది.

కేసుల భయం పూర్తిగా ఉత్తది కాదు. నగరంలో సభలు, ఊరేగింపులకు అనుమతి తప్పనిసరి చేసే పోలీసు చట్టం సెక్షన్ 30 అమల్లో ఉన్నప్పుడు అనుమతి లేకుండా రోడ్డు మీద ప్రదర్శన పెడితే కేసు కావచ్చు. కేసు పెండింగులో ఉంటే పాస్‌పోర్టు దగ్గర, ప్రభుత్వోద్యోగం వెరిఫికేషన్ దగ్గర ఇబ్బంది పడాలి. కాబట్టి నాటిక వేసే ముందు అనుమతి కాగితం ఎవరి పేరున ఉందో అడగడం నేర్పండి. అలాగే వార్తకు వెళ్లిన రోజు నినాదం ఇవ్వకూడదు, నినాదం ఇచ్చిన రోజు వార్త రాయకూడదు. ప్రవర్తనా నియమావళి ఉద్యోగిగా మీకు వర్తిస్తుంది కానీ, మేజరైన కూతురు వేసిన నాటికకు కాదు. మీరే ఆ వీడియోను గ్రూపుల్లో పంపుతుంటే మాత్రం ఆపండి.

వీడియో తీసేయమని చెప్పకండి. ఎటూ అది వందమంది ఫోన్లలో ఉంది. ఒరిజినల్ ఫైలు, స్క్రిప్టు, ప్రదర్శించిన తేదీ, తను ఏ భాగం రాసిందీ అన్నీ ఒక ఫోల్డరులో పెట్టుకోమనండి. ఫిల్మ్ స్కూలైనా, జర్నలిజం స్కూలైనా ఇంటర్వ్యూలో ముందు అడిగేది 'ఇప్పటిదాకా ఏం చేశావు' అనే.