లా కమిషన్ వల్ల ఉపయోగం ఉందా అంటే, మా అత్త ఇంటి సంగతి చెప్పాలి

"లా కమిషన్ రిపోర్టులు రాయడం తప్ప చేసేదేముంది? ప్రభుత్వం పట్టించుకోనప్పుడు ఆ ఖర్చు ఎందుకు?" అని ఒకరు అడిగారు. చట్టాల్లో ఏం మార్చాలో కేంద్ర ప్రభుత్వానికి సలహా చెప్పే సంస్థ ఇది. పట్టించుకోని మాట నిజమే. అయితే మూసేయాలనడం అన్యాయం. వాళ్లు రాసిన ఒక్క రిపోర్టు సకాలంలో చట్టమై ఉంటే మా నానమ్మ తన చివరి రోజుల్లో అంత బాధ పడేది కాదు.

మా మేనత్తకు పెళ్లయిన కొద్ది కాలానికే భర్త పోయాడు. పిల్లలు లేరు. అత్తవారు ఉండనివ్వకపోతే పుట్టింటికి వచ్చేసింది. తాతయ్య నర్సింగ్ చదివించారు. ప్రభుత్వాసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. రిటైరయ్యేదాకా నైట్ డ్యూటీలు చేసి, లోను తీసుకుని, స్థలం కొని చిన్న ఇల్లు కట్టుకుంది. నానమ్మను తన దగ్గరే ఉంచుకుంది. 2013లో గుండెపోటుతో హఠాత్తుగా పోయింది. వీలునామా రాయలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు ఇద్దరు మగవాళ్లు వచ్చారు. ఎవరో మాకు తెలియదు. పరామర్శకు వచ్చారనుకుని అమ్మ కుర్చీలు వేసి కాఫీ ఇచ్చింది. అత్త బావగారి కొడుకులట. ఆవిడ బతికున్నన్నాళ్లూ ఒక్క పండక్కి పిలిచినవాళ్లు కారు. కాఫీ తాగాక ఒకాయన సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో అత్త పెళ్లి శుభలేఖ ఉంది, మూలలకు పసుపు కూడా పోలేదు. దాంతోపాటు వాళ్ల బాబాయి డెత్ సర్టిఫికెట్. "చట్టప్రకారం ఇల్లు మాకే వస్తుంది మావయ్యగారూ, గొడవ పడకుండా తేల్చుకుందాం" అన్నాడు నాన్నతో. నాన్నకు నోట మాట రాలేదు. నానమ్మ లోపలి గదిలోంచి గోడ పట్టుకుని నడిచి వచ్చి, "ఇది నా కూతురు కట్టుకున్న ఇల్లు నాయనా. మీ బాబాయి ఒక ఇటుక కూడా పెట్టలేదు" అంది. వాళ్లు కవరు సంచిలో పెట్టుకుని, లాయరుతో వస్తామని చెప్పి వెళ్లిపోయారు.

వాళ్లు చెప్పింది నిజమేనని మా లాయరుగారి దగ్గరికి వెళ్లాక తెలిసింది. ఆయన 1956 నాటి హిందూ వారసత్వ చట్టం తీసి సెక్షన్ 15 చదివి వినిపించారు. పిల్లలూ భర్తా లేని హిందూ స్త్రీ వీలునామా లేకుండా చనిపోతే ఆస్తి ముందు భర్త వారసులకు వెళ్తుంది. వాళ్లెవరూ లేకపోతేనే కన్న తల్లిదండ్రుల వంతు. పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తయితే తండ్రి వారసులకు తిరిగొస్తుంది. సొంత జీతంతో కొన్నదానికి ఆ వెసులుబాటు లేదు. అదే కొడుకు చనిపోతే తల్లి మొదటి తరగతి వారసురాలు, అంటే భార్యాపిల్లలతో పాటే వాటా వస్తుంది. నానమ్మకు ఈ తేడా ఎలా చెప్పాలో నాన్నకు తెలియలేదు. కోర్టుకు వెళ్దామా అంటే, సరిగ్గా ఇలాంటి కేసులోనే 2009లో సుప్రీంకోర్టు సానుభూతిని బట్టి తీర్పు ఇవ్వలేమని చెప్పి భర్త వైపువాళ్లకే ఇచ్చిందని లాయరుగారు చెప్పారు. అక్కడా ఆ వితంతువును అత్తింటివాళ్లు వెళ్లగొట్టారు, ఆస్తి ఆవిడ సొంత సంపాదనే. చివరికి ఇల్లు అమ్మి రాజీ పడ్డాం.

ఆ కోపంలో వెతుకుతుంటే లా కమిషన్ 207వ రిపోర్టు కనిపించింది. సంవత్సరం 2008. అంటే అత్త పోవడానికి అయిదేళ్ల ముందే వాళ్లు ఇదే సెక్షన్ తీసుకుని, ఆడవాళ్లు ఉద్యోగాలు చేసి సొంతంగా సంపాదిస్తున్న కాలంలో ఇది సరికాదు, స్వార్జితం భర్త వారసులతో పాటు పుట్టింటి వారసులకూ వెళ్లాలి అని రాశారు. నా అభిప్రాయంలో అది కూడా తక్కువే, కన్నతల్లి అందరికన్నా ముందుండాలి. అయినా అది అమలై ఉంటే నానమ్మ ఆ ఇంట్లో తన వాటా గురించి మాట్లాడగలిగేది. సెక్షన్ 15 ఇవాళ్టికీ అలాగే ఉంది.

అన్నీ ఇలాగే పోతాయని కాదు. 2000లో వచ్చిన 174వ రిపోర్టు ఆడవాళ్ల ఆస్తి హక్కుల మీదే. అప్పటి ఛైర్మన్ మన జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి గారు. కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇస్తూ మన రాష్ట్రంలో ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో చేసిన సవరణను, ఇంకొన్ని రాష్ట్రాల చట్టాలను పరిశీలించి రాశారు. 2005లో దేశమంతటికీ ఆ హక్కు వచ్చింది. ఇవాళ పంపకాల్లో కూతురి సంతకం లేకుండా పని జరగడం లేదంటే వెనక ఆ రిపోర్టు ఉంది. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసే సెక్షన్ తీసేయమని 1971లోనే 42వ రిపోర్టు చెప్పింది. 2008లో 210వ రిపోర్టు మళ్లీ చెప్పింది. పాత శిక్షాస్మృతి(ఐపీసీ)తో పాటు ఆ సెక్షన్ పోయింది 2024 జూలైలో. చావు దాకా వెళ్లి బతికిన మనిషి మంచం పక్కన పోలీసులు నిలబడే పద్ధతి మానడానికి అన్నేళ్లు పట్టాలా?

అసలు లోపం ఎక్కడుందంటే, ఈ కమిషన్‌కంటూ పార్లమెంటు చేసిన చట్టం లేదు. మూడేళ్లకోసారి ప్రభుత్వ ఉత్తర్వుతో పుడుతుంది. 22వ కమిషన్‌ను 2020 ఫిబ్రవరిలో ప్రకటించి, ఛైర్మన్‌ను 2022 నవంబరులో వేశారు. మూడేళ్ల గడువులో రెండున్నరేళ్లకు పైగా ఛైర్మనే లేకపోతే పని ఎక్కడ జరుగుతుంది? రిపోర్టు వచ్చాక పార్లమెంటు ముందు పెడతారు, సంబంధిత శాఖలకు పంపుతారు, అంతే. ఒప్పుకోకపోతే ఎందుకో చెప్పాలన్న నియమం లేదు. ఇంగ్లండులో 2009లో చట్టం చేశారు. అక్కడి కమిషన్ సిఫార్సుల్లో ఏవి అమలు చేయలేదో, ఎందుకు చేయలేదో మంత్రి ఏటా పార్లమెంటుకు చెప్పాలి. మన దగ్గర ఇది ఒక్కటి పెడితే సగం రిపోర్టులు కదులుతాయని నా గట్టి నమ్మకం.

ఇంకొక బాధ, ఈ రిపోర్టులను తెలుగులో చదువుకునే వీలు లేకపోవడం. పెళ్లి, వారసత్వం లాంటి విషయాల్లో అన్ని మతాలకూ ఒకే చట్టం ఉండాలనే ఉమ్మడి పౌరస్మృతి మీద 2023 జూన్‌లో కమిషన్ ప్రజాభిప్రాయం అడిగినప్పుడు నెల రోజుల గడువు ఇచ్చారు, తర్వాత కొంచెం పెంచారు. నేను సెక్షన్ 15 గురించి ఇంగ్లీషులో కూడబలుక్కుని మెయిల్ పెట్టాను. మా నానమ్మ లాంటివాళ్లు ఏ భాషలో, ఎవరికి చెప్పుకోవాలి?

ఇప్పుడున్న 23వ కమిషన్ గడువు 2027 ఆగస్టు దాకా ఉంది. ఆలోగా ఇది మారుతుందో లేదో గానీ, ఇది చదివే ఆడవాళ్లలో సొంత సంపాదనతో ఏదైనా కొనుక్కున్నవాళ్లు, ముఖ్యంగా పిల్లలు లేనివాళ్లు, ఈ వారమే వీలునామా రాయండి. స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు, తెలుగులోనే రాయొచ్చు. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టి, వాళ్ల సంతకాలూ తీసుకోండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించుకుంటే మంచిది. కాగితం ఎక్కడ పెట్టారో ఇంట్లో ఒకరికి చెప్పి ఉంచండి.