కూలి డబ్బుకు లెక్క ఉండాలంటే

ప్రశ్న: ఐదంతస్తుల అపార్ట్‌మెంటు కడుతున్నాం. రోజూ పాతిక, ముప్పై మంది పనిచేస్తారు. గుత్త మేస్త్రికి ప్రతి శనివారం లక్షకు పైగా నగదు ఇస్తే, ఆయనే బట్వాడా చేస్తాడు. ఎవరికి ఎంత ముడుతోందో మా దగ్గర కాగితం లేదు. ఆడిటరు ఒప్పుకోవడం లేదు. ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?
– ఒక బిల్డరు, కాకినాడ

జవాబు: మస్టరు, అంటే రోజువారీ హాజరు పుస్తకం దగ్గర మొదలుపెట్టండి. పొద్దున పని మొదలయ్యే ముందు, గేటు దగ్గరే, మీ సూపర్‌వైజరు రాయాలి. సాయంత్రం మేస్త్రి ఇచ్చిన చీటీ చూసి ఎక్కించే మస్టరుకు విలువ లేదు. రాని మనుషుల పేర్లు చేరేదీ, వచ్చినవాళ్ల అరపూటలు పోయేదీ ఆ చీటీల్లోనే. పేరు, ఆధార్ చివరి నాలుగంకెలు, పని (తాపీ, సెంట్రింగ్, రాడ్ బెండింగ్, హెల్పరు), రోజు రేటు, పూటలు, ఓవర్‌టైం, అడ్వాన్సు – ఈ గళ్లు చాలు. పని దిగేటప్పుడు ఎవరి వరుసలో వాళ్లచేత సంతకమో వేలిముద్రో వేయించండి.

శనివారం ఆ లెక్క ప్రకారం ఎవరి ఖాతాలో వాళ్లకు కూలి వేయండి. మేస్త్రి కమీషన్‌కు వేరే బిల్లు తీసుకోండి. బిల్లు 30,000 రూపాయలు దాటినా, ఏడాది మొత్తం లక్ష దాటినా, మేస్త్రి వ్యక్తిగత కాంట్రాక్టరైతే 1 శాతం టీడీఎస్ (చెల్లింపులోనే ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను) కోయాలి. గుత్తకు చేసే మనిషికి ఒకే రోజు 10,000 మించి నగదు ఇస్తే ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఖర్చును ఒప్పుకోరు. మీ ఆడిటరు పట్టుబడుతున్నది ఇందుకే కావచ్చు.

ఈ పద్ధతి ఎక్కువగా అడ్వాన్సుల దగ్గరే చెడుతుంది. ఊళ్లోనే కూలీ ఇంటికి అడ్వాన్సు ఇచ్చి తెచ్చిన మేస్త్రి, ఆ బాకీ పేరు చెప్పి కూలి మొత్తం తన చేతికే రావాలంటాడు. ఖాతా కూలీ పేరున ఉండి, ఏటీఎం కార్డు మేస్త్రి జేబులో ఉంటే మీరు బ్యాంకులో వేసి సాధించింది ఏమీ లేదు. కార్డు ఎవరి దగ్గరుందో కూలీనే విడిగా అడగండి. బాకీ మస్టరులోకి రావాలి: 6 రోజులు, 600 చొప్పున 3,600, అడ్వాన్సు కోత 800, ఖాతాలో పడేది 2,800. ఈ మూడు అంకెలూ ఉన్న చీటీ కూలీ చేతికి ఇవ్వండి.

ఇక 20 మంది ఉంటే వర్తించే పీఎఫ్ (భవిష్య నిధి) తప్పించుకోవడానికి మస్టరులో 19 మందినే చూపే అలవాటు ఉంది. దయచేసి ఆ దారి పట్టకండి. 20 మంది లెక్కలో మేస్త్రి తెచ్చినవాళ్లూ వస్తారు. వాళ్ల పీఎఫ్ మేస్త్రి కట్టకపోతే బాధ్యత మీదే. స్లాబు వేసిన రోజున సిమెంటు, మిక్సరు బిల్లులు ఒక మాట చెప్పి, మస్టరు పంతొమ్మిది మందినే చూపితే అబద్ధం దానంతటదే బయటపడుతుంది. ఖర్చు ఎంతంటారా? నెలకు 24 రోజులు చేసిన హెల్పరు కూలి 14,400. పీఎఫ్ 12 శాతం లెక్కన అతని వాటా 1,728, మీ వాటా అంతే. ఈఎస్‌ఐ (కార్మికుల వైద్య బీమా) అతనిది 0.75 శాతం, 108, మీది 3.25 శాతం, 468. చదరపు అడుగు ధర వేసేటప్పుడే దీన్ని కలుపుకోండి. తరవాత కూలిలో కోసి సర్దుకోవడం అన్యాయం.

ప్రశ్న: ప్లాను మంజూరప్పుడే 1 శాతం లేబర్ సెస్సు కట్టాం. ఇంకా పీఎఫ్ ఎందుకు?
– కరీంనగర్

జవాబు: రెండూ వేరు. 1996 చట్టంతో వచ్చిన ఆ సెస్సు నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డుకు వెళ్తుంది. అక్కడ పేరు నమోదైన కార్మికులకే సాయం అందుతుంది. మీ సైటులో కాలు విరిగిన మనిషికి ఆ నమోదుకు ఇచ్చే లేబర్ కార్డు లేకపోతే, మీరు కట్టిన సెస్సు అతనికి అక్కరకు రాదు.

ప్రశ్న: మా ఆయన తాపీ పని చేస్తారు. ఆరు వారాల కూలి ఎగ్గొట్టి మేస్త్రి వెళ్లిపోయాడు. ఏ కాగితమూ లేదు.
– ఒక గృహిణి, ఖమ్మం

జవాబు: కాగితం లేకపోయినా ఆధారాలు ఉంటాయమ్మా. ఏ తేదీన ఏ అంతస్తులో ఏ పని చేశారో గుర్తున్నంత వరకు ఇవాళే రాయించండి. సైటు బోర్డు ఫొటో తీయండి. బిల్డరు పేరు, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు దాని మీదే ఉంటాయి. మేస్త్రి ఫోన్‌పేలో ఒక్కసారి డబ్బు పంపినా ఆ రసీదు దాచండి. కలిసి పనిచేసిన ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు చేర్చి, మీ ప్రాంత సహాయ కార్మిక అధికారికి అర్జీ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. అర్జీలో మేస్త్రి ఒక్కడి పేరే రాయకండి, బిల్డరు పేరూ రాయండి. కాంట్రాక్టరు ఎగ్గొట్టిన కూలి అసలు యజమాని ఇవ్వాల్సిందే. ఈలోగా లేబర్ కార్డుకు కూడా దరఖాస్తు చేయించండి: వయసు 18–60 మధ్య ఉండి, గత 12 నెలల్లో 90 రోజులు నిర్మాణ పని చేసి ఉండాలి.