తెలుగు హెడ్డింగ్‌కి ఇటాలిక్ కొడితే ఎందుకు తూలుతున్నట్టు ఉంటుంది?

మీ ప్రశ్న ఇదే కదా: కబడ్డీ టోర్నమెంట్ ఫ్లెక్స్ మీద ఇంగ్లిష్ పేరు ఫ్యూచురా బోల్డ్ ఆబ్లిక్‌లో (లావుగా, కుడికి వాలి ఉండే ఇంగ్లిష్ ఫాంట్) దూసుకెళ్తున్నట్టు వచ్చింది, కింద తెలుగు పేరు రామభద్ర ఫాంట్‌లో పెట్టి, అక్షరాల్ని వాల్చే ఇటాలిక్ బటన్ నొక్కితే తూలుతున్నట్టు వచ్చింది, ఎందుకని.

నేను డీటీపీ పని చేస్తాను. ఇదే పొరపాటు నేనూ చేశాను, అదీ ప్రింట్ తీసి కట్టేశాక తెలిసింది. జట్టు పేరు 'కొత్తపల్లి సింహాలు'. ఫ్లెక్స్ కట్టిన కుర్రాడు కింద నిలబడి, "అన్నా, కొ కింద ఆ తోకేంటి?" అన్నాడు. చూస్తే అది పక్క అక్షరం త ఒత్తు!

రామభద్రకి విడిగా ఇటాలిక్ లేదు. ఉన్న అక్షరాన్నే సాఫ్ట్‌వేర్ పక్కకి తోసేస్తుంది. 14 డిగ్రీలు వాలిస్తే, అడుగు ఎత్తు అక్షరం పైకొస దాదాపు 3 అంగుళాలు కుడికి జరుగుతుంది. అక్షరం కూర్చునే గీతకి కింద ఉన్నదేమో ఎడమకి పోతుంది. ఇంగ్లిష్ క్యాపిటల్స్‌కి ఆ గీత కింద దాదాపు ఏమీ ఉండదు. మన ఒత్తులన్నీ అక్కడే. 'ల్లి' చూడండి, గుడి ఒక దిక్కుకి, ఒత్తు ఇంకో దిక్కుకి.

గుండ్రాల గొడవ ఇంకోటి. సున్నాని పక్కకి తోస్తే పై కుడి మూల, కింది ఎడమ మూల లావెక్కుతాయి, మిగతా రెండు సన్నబడతాయి. నిలువు గీతల ఇంగ్లిష్ అక్షరాల్లో ఇది అంతగా తెలియదు. మనకి ప్రతి అక్షరమూ గుండ్రమే. పైగా తలకట్టు ముందే కుడికి వాలి ఉంటుంది, ఇంకా వాలిస్తే పడుకుంటుంది.

ఫ్యూచురా పాల్ రెన్నర్ గీసింది, 1927లో వచ్చింది. సీసం అచ్చుల రోజుల్లో ఇలాంటి బటన్ ఎక్కడిది, వాలు అక్షరాలకి వేరే అచ్చులు చేయించాల్సిందే. గిల్ శాన్స్ అనే ఇంకో ఇంగ్లిష్ ఫాంట్‌లోనైతే ఇటాలిక్‌కి చిన్న 'ఏ' రూపమే మారిపోతుంది.

మీకు వాలు కావాల్సిందే అంటే 6, 7 డిగ్రీలు దాటించకండి. అక్షరాల్ని కర్వ్స్‌లోకి (టైపు చేసిన అక్షరం కాకుండా గీసిన బొమ్మలా) మార్చి, ఒత్తుల్ని ఒక్కొక్కటే వెనక్కి జరపండి, సన్నబడ్డ చోట నోడ్స్ (గీత మీద ఉండే చుక్కలు) లాగి లావు చేయండి. ఒక పేరుకి నాకు గంట పడుతుంది. అవుట్‌లైన్ మాత్రం వేయొద్దు, అసలే లావు ఫాంట్, 'థ'లో చుక్క మూసుకుపోయి 'ద' అయిపోతుంది.

నేనిప్పుడు చేసేది వేరు. తెలుగుని నిటారుగానే ఉంచి, వెనకున్న రంగు పట్టీ అంచుల్ని ఇంగ్లిష్ వాలుకి సమానంగా కోస్తాను. వేగం పట్టీలో కనిపిస్తుంది, పేరు చక్కగా చదవొస్తుంది.

కర్వ్స్ చేసేముందు ఒక కాపీ దాచుకోండి. ప్రింట్‌కి పంపే ముందు ఎవరో ఒకరు పేరులో అక్షరం మార్చమంటారు.