ఖనిజ మిశ్రమం పెడితే మేకపాలు చిక్కబడతాయా?

దాణాలో ఖనిజ మిశ్రమం కలిపితే మేకపాలలో వెన్న, కాల్షియం పెరుగుతాయా అని మీరు అడిగారు. కళ్యాణదుర్గం దగ్గర చాలా కాలంగా పాలమేకలను సాకుతున్న అనుభవంతో చెబుతున్నాను: ఆ రెండూ చెప్పుకోదగినంతగా పెరగవు. అయినా ఖనిజ మిశ్రమాన్ని మానవద్దు.

లీటరు మేకపాలలో సుమారు 1.3 గ్రాముల కాల్షియం ఉంటుంది. మేతలో కాల్షియం తగ్గినా పాలలో అంతగా తగ్గదు, ఎందుకంటే మేక తన ఎముకలలోని నిల్వను కరిగించి పాలకు అందిస్తుంది. అందుకే లోపం పాలలో కాక మేక ఒంట్లో బయటపడుతుంది. ఈనిన కొద్ది వారాలకే ఒళ్లు తీసిపోవడం, పాలు తొందరగా తగ్గిపోవడం, మట్టినీ గోడలనూ నాకడం నేను మా ఊరి మందలలో తరచుగా చూసే లక్షణాలు. వెన్న మాత్రం ముఖ్యంగా పీచుమేతను బట్టి ఉంటుంది. గింజలు ఎక్కువై ఒట్టిమేత తగ్గితే, ఎంత ఖరీదైన మిశ్రమం కలిపినా వెన్న శాతం పడిపోతుంది.

మన అనంతపురం జిల్లాలో చాలామందికి ఆధారం వేరుశనగ కట్టె, అంటే కాయలు తీశాక మిగిలిన ఎండు తీగ. అందులో కాల్షియం బాగానే ఉంటుంది కానీ భాస్వరం తక్కువ. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. అందువల్ల నేను కట్టెతోపాటు తవుడు, నూనె తీసిన గింజల చెక్క కలిపిన దాణా పెడతాను. ఆ దాణాలో 100 కిలోలకు 2 కిలోల ఖనిజ మిశ్రమం, ఒక కిలో అయోడిన్ ఉప్పు కలుపుతాను. మొత్తం మేతలో కాల్షియం, భాస్వరం సుమారు 2:1 పాళ్లలో ఉంటే మంచిది. తవుడు ఎక్కువగా ఉన్న దాణాను మేకపోతులకు పెట్టవద్దు, వాటికి మూత్రంలో రాళ్లు ఏర్పడి మూత్రం ఆగిపోయే ప్రమాదం ఉంది. మేకలు నాకేందుకు ఖనిజాల దిమ్మలు కట్టేవారూ ఉన్నారు, కానీ ఒక మేక అదే పనిగా నాకితే మరొకటి దాని వంక చూడనే చూడదు కనుక దాణాలో కలపడమే నాకు నమ్మకం.

పాల నాణ్యత విషయంలో నిజంగా తేడా తెచ్చేవి కొద్దిపాటి మోతాదులో అవసరమయ్యే ఖనిజాలే. జింకు, సెలీనియం తగినంత అందిన మేక పొదుగు వ్యాధులను బాగా తట్టుకుంటుంది. పొదుగువాపు లేని పాలే రుచిగా ఉండి, కాచినప్పుడు విరగకుండా నిలుస్తాయి. అయోడిన్, సెలీనియం మేతను బట్టి పాలలోకి నేరుగా చేరతాయి. ఆ పాలు పసిపిల్లలు కూడా తాగుతారు కాబట్టి, ఎక్కువ వేస్తే ఎక్కువ మేలు అనుకుని మోతాదు పెంచడం సరికాదు.

మన వైపు గొర్రెలూ మేకలూ ఒకే మందలో ఉంటాయి కనుక రాగి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మేకకు రాగి ఎక్కువ కావాలి. అది చాలకపోతే వెంట్రుకల రంగు వెలిసిపోతుంది, పుట్టిన పిల్లల వెనుక కాళ్లు పట్టు తప్పుతాయి. గొర్రెకైతే అదే రాగి కాలేయంలో పేరుకుని ప్రాణం తీయగలదు. మీ మందలో గొర్రెలు ఉంటే మేకల దాణా తొట్టిని వేరుగా, వాటికి అందని చోట పెట్టండి. సంచి కొనే ముందు దానిమీద రాగి పాళ్లు చదివి, సందేహముంటే మీ మండల పశువైద్యుడికి చూపించండి.