చదునైన ఫొటోలో ఎత్తు ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల నుంచి తీసిన ఫొటోలు చూసి జర్మన్ల రహస్య ఆయుధాలు కనిపెట్టారట. పైనుంచి తీస్తే అన్నీ చదునుగానే ఉంటాయి కదా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: ఒక్క ఫొటో అయితే మీరన్నదే నిజం. అందుకే జంటగా చూస్తారు. విమానం ముందుకు పోతుంటే, ఒక ఫొటోలోని నేలలో దాదాపు 60 శాతం తర్వాతి ఫొటోలోనూ పడేలా తీస్తారు. రెండింటినీ స్టీరియోస్కోప్ (రెండు కటకాలున్న, కళ్లద్దాల్లాంటి పరికరం) కింద పక్కపక్కన పెట్టి, ఒక్కో కంటికి ఒక్కో ఫొటో అందేలా మెల్లగా జరపాలి. సర్వే ఉద్యోగంలో ఏళ్ల తరబడి నా పని ఇదే. కొత్తవాళ్లకు ముందు అన్నీ రెండేసి కనబడి తల నొప్పెడుతుంది. ఉన్నట్టుండి చెట్లూ, ఇంటి కప్పులూ కాగితంలోంచి పైకి లేస్తాయి! మన రెండు కళ్లూ కాస్త వేర్వేరు చోట్ల నుంచి చూడడం వల్లే ఎత్తుపల్లాలు తెలుస్తాయి, ఇక్కడా అంతే. అసలు కంటే ఎత్తుగా కూడా కనిపిస్తాయి. మన కళ్ల మధ్య దూరం ఆరున్నర సెంటీమీటర్లే, రెండు ఫొటోల మధ్య విమానం వందల మీటర్లు పోతుంది మరి. కుడిఎడమలు తారుమారైతే మాత్రం కొండ కాస్తా గొయ్యి అయిపోతుంది.

ఆ యుద్ధకాలంలో ఇంగ్లండ్‌లోని మెడ్మెన్‌హామ్‌లో ఈ పని చేసినవాళ్లలో ఆడవాళ్లు చాలామందే. వాళ్లలో కాన్‌స్టన్స్ బాబింగ్టన్ స్మిత్ 1943 చివర్లో, జర్మన్లు ఆయుధాలు పరీక్షించే పీనెముండె ఫొటోలో ఒక ర్యాంపు మీద ఉన్న బుల్లి విమానాన్ని పట్టేశారు. పైలట్ లేని ఆ వీ-1 బాంబులే 1944 జూన్ నుంచి లండన్ మీద పడ్డాయి.