అలూ కుటుంబ వృక్షంలో తండ్రి రోహాస్, కొడుకు అలూ ఎందుకు?

బేస్‌బాల్ ఆటగాడు ఫెలీపే అలూ కుటుంబ వృక్షం గీస్తుంటే తండ్రి ఇంటిపేరు వేరేగా వచ్చిందని, దత్తతేమోనని అడిగారు. ఆ తండ్రి పేరు తప్పు కాదు. ఫెలీపే అలూ అసలు ఇంటిపేరు రోహాస్. అలూ అన్నది వాళ్ళమ్మ పుట్టింటి పేరు. తండ్రి హోసే రోహాస్ అని వస్తున్నది అందుకే. మీరు అనుమానించినట్టు దత్తత ఏమీ కాదు.

డొమినికన్ రిపబ్లిక్‌లో సొంత పేరు, తర్వాత తండ్రి ఇంటిపేరు, చివర తల్లి ఇంటిపేరు. మనకు ఇంటిపేరు ముందొస్తే వాళ్ళకు నడుమ వస్తుంది. 1955లో ఫెలీపేని తీసుకున్న అమెరికా బేస్‌బాల్ జట్టు జెయింట్స్ వాళ్ళు చివరిదే ఇంటిపేరు అనుకున్నారు. తమ్ముళ్ళు మాటీ, హెసూస్ కూడా ఆ పేరుతోనే ఆడారు.

ఇలా సరిచేయండి:

1. అన్నదమ్ములు ముగ్గురికీ ఇంటిపేరు రోహాస్ అని పెట్టండి. అలూను ఆటలో వాడిన పేరుగా విడిగా రాయండి.

2. అందరూ వదిలేసేది తర్వాతి తరాన్ని. ఫెలీపే కొడుకు మోయిసేస్ కూడా అలూగానే ఆడాడు, కానీ పూర్తి పేరు మోయిసేస్ రోహాస్ బెల్ట్రే. బెల్ట్రే అతని తల్లి వైపుది. తల్లి ఇంటిపేరు ఉండాల్సిన చోట అలూ అని కొడితే నాయనమ్మ పుట్టిల్లు కాస్తా అమ్మ పుట్టిల్లయి కూర్చుంటుంది. మీ చార్టు ముడిపడింది ఇక్కడే అయ్యుంటుంది.

3. ఇప్పుడు రోహాస్ పేరుతో వెతకండి. పిచర్ (బంతి విసిరే ఆటగాడు) మెల్ రోహాస్ ఫెలీపేకి కొడుకు వరస. 2020, 2021లో మెట్స్ అనే బేస్‌బాల్ జట్టుకు మేనేజర్‌గా చేసిన లూయిస్ రోహాస్ అయితే సొంత కొడుకే.

4. 1963 సెప్టెంబరు 15న అన్నదమ్ములు ముగ్గురూ ఒకే అవుట్‌ఫీల్డ్‌లో (మైదానం వెనక భాగంలో) ఆడిన మ్యాచ్ కావాలంటే మాత్రం అలూ అనే వెతకాలి. స్కోరు కార్డులో వాళ్ళు రోహాస్ పేరుతో దొరకరు.