మోటారు కానోపీ చేసే పిల్లవాడికి ఏ బ్రాంచి?

ప్రశ్న: మా బాబు ఇంటర్ ఎంపీసీ మొదటి ఏడు. రెండు నెలలుగా పి-51డి ముస్టాంగ్ అనే పాత యుద్ధవిమానం ఆర్‌సీ (రిమోట్‌తో ఎగిరే) నమూనా ముందేసుకుని, పైలట్ మీద ఉండే పారదర్శకమైన మూత, అదే కానోపీ, మోటారుతో వెనక్కి జరిగేలా చేస్తున్నాడు. అది సగంలో ఇరుక్కుపోతోంది, వాడు వదలడు. విసుగొచ్చి సామానంతా అటకెక్కించాను. వాడు ఏరోనాటికల్ అంటాడు, వాళ్ల నాన్న మెకానికల్ అంటారు. ఏది మంచిది? – ఓ తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, ముందు ఆ సామాను దించండి. మార్కులు తగ్గాయని మీరు ఎక్కడా రాయలేదు. పక్కింటి పిల్లలు కోచింగుకి పోతుంటే మనవాడు బొమ్మతో ఉన్నాడన్నదే మీ బెంగ. అది బొమ్మ కాదు.

అసలు పి-51డిలో పైలట్ చేత్తో మర తిప్పి కానోపీని జరుపుకునేవాడు. ఆ పని మోటారుకి అప్పగించడంలో చాలా లెక్క ఉంది. కానోపీ 70 మిల్లీమీటర్లు జరగాలనుకుందాం. 15 మి.మీ. చేయి ఉన్న సర్వో (చెప్పినంత కోణమే తిరిగే చిన్న మోటారు) 90 డిగ్రీలు తిరిగితే వచ్చేది 21 మి.మీ.లే. 70 రావాలంటే 50 మి.మీ. చేయి కావాలి, కాక్‌పిట్ కింద అది తిరిగే చోటు ఉండదు. అందుకే ఎన్20 అనే చిన్న గేర్ మోటారుకి ఎం4 (4 మి.మీ. మందం) మర కడ్డీ బిగిస్తారు. కడ్డీ తిరిగే చుట్టుకి కానోపీ 0.7 మి.మీ. చొప్పున జరుగుతుంది, నిమిషానికి 300 చుట్లయితే 20 సెకన్లలో తెరుచుకుంటుంది. మోటారు ఆగాక గాలి తోసినా మర తనంతట తిరగదు.

ఇరుక్కోవడానికి కారణం మోటారులో తక్కువ, పట్టాల్లో ఎక్కువ. బీరువా సొరుగుని ఒక మూల పట్టుకుని లాగితే ఎలా బిగుస్తుందో ఇదీ అంతే. పట్టాలుగా వేసే రెండు ఇత్తడి గొట్టాలూ సమాంతరంగా ఉండాలి, లాగుడు నడిమధ్య నుంచి రావాలి. ఒక పక్క మాత్రమే బిగుతుగా ఉంచి, రెండో పక్క కాస్త వదులివ్వాలి. రెండు చివరల్లో, కానోపీ తగలగానే మోటారుని ఆపే మైక్రోస్విచ్‌లు పెట్టి, ఒక్కోదానికి అడ్డంగా డయోడ్ (కరెంటుని ఒక వైపే పోనిచ్చేది) వేయాలి. డయోడ్ లేకపోతే చివరికెళ్లిన మోటారు వెనక్కి రాదు. స్విచ్‌లే లేకపోతే ఆగిపోయిన మోటారు కరెంటు లాగేసి, రిమోట్ సంకేతాలు అందుకునే రిసీవర్‌ని పడుకోబెడుతుంది, ఎగిరేటప్పుడైతే విమానమే పోతుంది. ఇంకోటి, పారదర్శకమైన కానోపీ దగ్గర సూపర్ గ్లూ వాడొద్దనండి. దాని ఆవిరికి ప్లాస్టిక్ తెల్లగా మసకబారుతుంది.

ఇదంతా యంత్రమూ విద్యుత్తూ కలిసిన పని. బ్రాంచి పేరులో విమానం ఉంటే చాలనుకోవడమే నాకు భయం. ఐఐటీలోనో తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీలోనో ఏరోస్పేస్ వస్తే కళ్లకద్దుకుని చేరండి. మామూలు ప్రైవేటు కాలేజీ ఏరోనాటికల్ మీద మాత్రం నాకు నమ్మకం తక్కువ. అక్కడి విండ్ టన్నెల్ (నమూనాల మీదికి గాలి వదిలి పరీక్షించే సొరంగం) నడుస్తోందా, పిల్లలు చేతులతో ఏం కట్టారు అని అడగకుండా ఫీజు కట్టకండి. ఆ డిగ్రీతో విమానాల మెయింటెనెన్స్ లైసెన్సు కూడా రాదు, అది విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పరీక్షల వేరే దారి. ఇస్రో ఇంజనీరు ఉద్యోగాల ప్రకటనల్లో ఎక్కువగా కనబడేవి మెకానికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్సే. మెకానికల్ చేసి, గేట్ రాసి, ఎంటెక్‌లో ఏరోస్పేస్‌కి మళ్లొచ్చు. కాబట్టి వాళ్ల నాన్నగారి మాటలో పస ఉంది. కానీ అది పిల్లవాడి ఇష్టాన్ని తుంచే మాటగా చెప్పకండి.

రోజూ వద్దు, ఆదివారం పూట పని చేసుకోనివ్వండి. మోటారు విప్పి, విమానాన్ని ముక్కు పైకెత్తి పట్టుకోమనండి. కానోపీ తన బరువుకే వెనక్కి జారాలి. జారేదాకా మళ్లీ మోటారు బిగించవద్దని చెప్పండి.